పాఠకుల ప్రశ్నలు – జవాబులు: సెల్ ట్రాఫిక్ అంచనాకి ఏ అల్గారిథమ్?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే: "డేటా ఉంది, ఏ మోడల్ వాడాలి?" ఆ అంచనా చూసి మీరు చేసే పని ఏమిటన్నది మాత్రం ఒకరిద్దరే రాశారు. రాయనివాళ్ల విషయంలో మేమే ఊహించుకుని జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా పరిధిలోని ఫోర్‌జీ సెల్స్‌కి రెండేళ్ల బిజీ అవర్ (రోజులో రద్దీ ఎక్కువగా ఉండే గంట) డేటా ఉంది. వచ్చే ఆరు నెలల్లో ఏ సెక్టార్‌కి (టవర్ ఒక దిక్కున కవర్ చేసే ప్రాంతం) కొత్త క్యారియర్ (అదనపు ఫ్రీక్వెన్సీ) వెయ్యాలో లిస్టు ఇవ్వాలి. పీఆర్‌బీ (యూజర్లకి పంచే రేడియో సామర్థ్యపు ముక్కలు) వినియోగం 80 శాతం దాటితే అప్‌గ్రేడ్ అన్నది మా రూలు. మేనేజర్ గారు ఎల్‌ఎస్‌టీఎమ్ (ఒక రకం న్యూరల్ నెట్‌వర్క్) అంటున్నారు, పక్క టీమ్ ప్రాఫెట్ (రెడీమేడ్ అంచనా సాఫ్ట్‌వేర్) అంటోంది. ఏది మేలు?
– ప్లానింగ్ ఇంజనీర్, వరంగల్

జవాబు: మోడల్ సంగతి తర్వాత. ముందు మీరు దేన్ని అంచనా వేస్తున్నారో చూద్దాం. పీఆర్‌బీ శాతాన్ని నేరుగా అంచనా వెయ్యడమే ఇక్కడ మొదటి పొరపాటు. 20 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈ (ఫోర్‌జీ) క్యారియర్‌లో ఉండేవి 100 పీఆర్‌బీలు. అవి నిండాక లెక్క ఇంక పెరగదు, జనం పెరిగినా సరే. నిండిపోయిన ఆర్టీసీ బస్సులో టికెట్లు లెక్కపెడితే స్టాపులో మిగిలిపోయినవాళ్లు కనపడతారా? ఇదీ అంతే. ఆరు నెలలుగా 95 దగ్గర ఆగిపోయిన సెల్‌ని ఏ అల్గారిథమ్‌కి ఇచ్చినా "ఇక్కడ పెరుగుదల లేదు" అనే చెబుతుంది. అన్నిటికన్నా అవస్థలో ఉన్న సెల్లే అన్నిటికన్నా ప్రశాంతంగా కనిపిస్తుంది. ఎల్‌ఎస్‌టీఎమ్‌కీ ప్రాఫెట్‌కీ ఇందులో తేడా లేదు.

కాబట్టి డౌన్‌లింక్ ట్రాఫిక్‌ని (టవర్ నుంచి ఫోన్లకి వెళ్లేది) జీబీల్లో తీసుకోండి. అదీ సెల్ (ఒక సెక్టార్‌లో ఒక క్యారియర్) వారీగా కాదు, సెక్టార్ వారీగా, అన్ని క్యారియర్లూ కలిపి. లోడ్ బ్యాలెన్సింగ్ (రద్దీని క్యారియర్ల మధ్య పంచే) పారామీటర్ ఒకటి మారిస్తే 1800 మెగాహెర్ట్జ్ మీద ఉన్న జనం 2300 మీదకి వెళ్లిపోతారు. విడివిడిగా చూస్తే ఒక సెల్ పడిపోయినట్టు, ఇంకోటి ఎగిరినట్టు కనిపిస్తుంది. సెక్టార్ మొత్తంలో మాత్రం ఏమీ మారి ఉండదు.

నిండిన సెక్టార్లలో జీబీలూ అబద్ధమే చెబుతాయి. బిజీ అవర్‌లో పీఆర్‌బీ 90 దాటి, యూజర్ త్రూపుట్ (ఒక్కో యూజర్‌కి అందే వేగం) మీ కనీస లక్ష్యం కంటే కిందికి పడిన వారాలను గుర్తుపెట్టండి. అలాంటి వారాలు మూడో వంతు కంటే ఎక్కువుంటే ఆ సెక్టార్ సొంత చరిత్ర నుంచి పెరుగుదల రేటు తియ్యొద్దు, చుట్టుపక్కల ఇంకా నిండని సెక్టార్ల నుంచి అరువు తెచ్చుకోండి. అసలు ఆ సెక్టార్‌కి ఆరు నెలల అంచనా ఎందుకు, ఇవాళే లిస్టులో పైన పెట్టాలి.

తర్వాత వారానికి ఒక అంకె. రోజువారీ బిజీ అవర్ జీబీల్లో ఆ వారపు గరిష్ఠం తీసుకుంటే ఒక్క క్రికెట్ మ్యాచ్ వారం మొత్తాన్ని పాడుచేస్తుంది. రెండో పెద్ద విలువ తీసుకోండి. రెండేళ్లకి 104 అంకెలు వస్తాయి.

104 అంకెలున్న ఒక్కో సిరీస్ మీద విడిగా ఎల్‌ఎస్‌టీఎమ్ నేర్పించడమంటే దోమ మీదకి ఫిరంగి. నేర్చుకోవాల్సిన బరువులు వేలల్లో, ఉన్న అంకెలు వంద. 2018లో లక్ష సిరీస్‌లతో జరిగిన ఎమ్‌4 అంచనాల పోటీలో కూడా కేవలం మెషీన్ లెర్నింగ్ మీద ఆధారపడిన ఎంట్రీలు వెనకపడ్డాయి. గెలిచింది న్యూరల్ నెట్‌వర్క్‌ని ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్‌తో (కొత్త అంకెలకి ఎక్కువ బరువిచ్చే సగటు) కలిపిన పద్ధతి.

ప్రాఫెట్ విషయంలో రెండు డిఫాల్ట్‌లు మీ మెడకి చుట్టుకుంటాయి. అది ట్రెండ్ మలుపులను చరిత్రలో మొదటి 80 శాతంలోనే వెతుకుతుంది. అంటే మీ 104 వారాల్లో చివరి 21 వారాల్లో వచ్చిన మలుపు దానికి కనపడదు. పక్కన కొత్త సైట్ మొన్ననే ఆన్ అయ్యి మీ ట్రాఫిక్ మూడో వంతు అటు వెళ్లిపోయినా, అది పాత గీతనే పట్టుకుని పైకి పోతుంది. రెండోది, 104 వారపు అంకెల మొదటి తేదీకీ చివరి తేదీకీ మధ్య 721 రోజులే ఉంటాయి. 730 కంటే తక్కువైతే వార్షిక సీజన్‌ని (ఏటా తిరిగొచ్చే ఎత్తుపల్లాలు) అది తనంతట తానే ఆపేస్తుంది. మీరు మాత్రం అది పనిచేస్తోందనే అనుకుంటుంటారు.

మీ పనికి మా ఓటు డ్యాంప్డ్ ట్రెండ్ ఉన్న ఈటీఎస్‌కి (ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్ కుటుంబం), అంటే పెరుగుదల క్రమంగా నెమ్మదించే హోల్ట్ పద్ధతికి. డ్యాంపింగ్ విలువ (ప్రతి వారం పెరుగుదలని గుణించే, 1 లోపు అంకె) ఎంత తేడా తెస్తుందో చూడండి. వారానికి 0.1 జీబీ చొప్పున పెరుగుతున్న సెక్టార్ ఉందనుకుందాం. డ్యాంపింగ్ లేకపోతే 26 వారాలకి 2.6 జీబీ కలుస్తుంది. ఆ విలువ 0.98 అయితే 2.0 జీబీ, 0.9 అయితే 0.84 జీబీ మాత్రమే. ఒక్క అంకె మార్పుతో లిస్టు సగానికి సగం తారుమారవుతుంది. అందుకే దాన్ని ఒక్కో సెక్టార్‌కి సాఫ్ట్‌వేర్ ఇష్టానికి వదలకుండా, జిల్లా మొత్తానికి ఒకే విలువ ఎంచుకుని పాత డేటా మీద పరీక్షించండి. 60, 66, 72, 78 వారాల దగ్గర నాలుగుసార్లు ఆగి, ప్రతిసారీ 26 వారాలు ముందుకు అంచనా వేసి, నిజంగా వచ్చినదాంతో పోల్చండి. "ఇప్పుడున్నంతే ఉంటుంది" అనే మొద్దు అంచనాని కూడా పక్కన పెట్టుకోండి. దాన్ని ఓడించలేని మోడల్‌ని మీటింగ్‌కి తీసుకెళ్లొద్దు.

చివరగా జీబీలను పీఆర్‌బీకి మార్చాలి. గత 8 వారాల్లో పీఆర్‌బీ 30 నుంచి 70 శాతం మధ్య ఉన్న గంటలు తీసుకుని, ఒక్కో శాతానికి ఎన్ని జీబీలు పోయాయో మీడియన్ (మధ్య విలువ) కట్టండి. 50 శాతం దగ్గర 7 జీబీ పోతుంటే శాతానికి 0.14. అంచనా 11.2 జీబీ వస్తే 80 శాతం, అంటే మీ గీత మీదే ఉంది. ఇది కొంచెం ఆశావాద లెక్క. చుట్టుపక్కల సెల్స్ కూడా నిండేకొద్దీ ఇంటర్‌ఫియరెన్స్ పెరిగి, అదే జీబీకి ఎక్కువ పీఆర్‌బీలు ఖర్చవుతాయి. గీతకి కాస్త ముందే మేలుకోండి.

ప్రశ్న: బీటెక్ ప్రాజెక్టుకి మిలాన్ నగరపు టెలికాం డేటా తీసుకున్నాను. ఎల్‌ఎస్‌టీఎమ్‌తో ఆర్-స్క్వేర్డ్ (1కి దగ్గరైతే అంచనా బాగా సరిపోయినట్టు) 0.98 వచ్చింది. గైడ్ సార్ "ఇందులో నువ్వు చేసిందేముంది?" అన్నారు. తప్పెక్కడ?
– విద్యార్థిని, కాకినాడ

జవాబు: మీ సార్ సరిగ్గానే అడిగారమ్మా. టెలికాం ఇటాలియా విడుదల చేసిన ఆ డేటా 2013 నవంబరు 1 నుంచి 2014 జనవరి 1 దాకా 62 రోజులది. నగరాన్ని 100 వరసలు, 100 నిలువులుగా 10,000 గడులు చేసి, 10 నిమిషాలకోసారి లెక్క ఇచ్చారు. మీరు పది నిమిషాల ముందుకి అంచనా వేసి ఉంటారు. పది నిమిషాల్లో ట్రాఫిక్ ఎంత మారుతుంది? "ఇందాకటి విలువే మళ్లీ" అని ఒక్క లైను కోడ్ రాసి ఆర్-స్క్వేర్డ్ చూడండి. మీ అంకెకి ఎంత దగ్గరగా వస్తుందో చూశాక ఆ 0.98లో మీ మోడల్ వాటా ఎంతో తెలుస్తుంది.

పనికొచ్చే ప్రశ్న కావాలంటే 24 గంటల ముందుకి, అంటే 144 అడుగులు ముందుకి అంచనా వెయ్యండి. దీనికి పోటీ పడాల్సింది వారం కిందటి అదే సమయపు విలువతో, అంటే 1008 అడుగుల వెనకటి విలువతో. దీన్ని సీజనల్ నేయివ్ అంటారు. పేరుకి అమాయకమైనా గట్టి పోటీదారు.

అవే ఫైళ్లలో ఇంకొన్ని గోతులున్నాయి. ఒకే గడికి, ఒకే సమయానికి దేశపు కోడ్ వారీగా చాలా వరసలుంటాయి. కూడకుండా మొదటి వరసే తీసుకుంటే ఒక్క కోడ్ సందడినే మిలాన్ మొత్తం అనుకున్నట్టు. సమయం మిల్లీసెకండ్లలో, యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటుంది, మిలాన్ శీతాకాలంలో దానికి గంట ముందు. ఖాళీగా ఉన్న చోట కార్యకలాపం నమోదు కాలేదని అర్థం. ఇక ఆ అంకెలు కాల్సూ కాదు, ఎంబీలూ కాదు. నిజమైన ట్రాఫిక్‌కి అనుపాతంలో ఉన్న కొలతలు మాత్రమే. రిపోర్టులో "ఎంబీల్లో" అని రాశారంటే వైవాలో దొరికిపోతారు.

ట్రైనింగ్, టెస్ట్ విభజన యాదృచ్ఛికంగా చేశారా? చేసుంటే 10:20, 10:40 విలువలు చూసి 10:30 చెప్పినట్టు. కాలక్రమంలోనే కొయ్యాలి. స్కేలింగ్‌కి (విలువలన్నిటినీ ఒకే కొలతలోకి తేవడం) వాడే కనిష్ఠ, గరిష్ఠ విలువలు కూడా ట్రైనింగ్ భాగం నుంచే రావాలి. అలాగని చివరి పది రోజుల్ని టెస్ట్‌గా పెడితే అది క్రిస్మస్ సెలవుల మీద పడుతుంది, నగరం సగం ఖాళీ. డిసెంబరు 7 మిలాన్ పెద్దపండగ సంత్ అంబ్రోజో, 8 కూడా సెలవే. అవి శని, ఆదివారాల్లో వచ్చాయి కాబట్టి సెలవు ప్రభావం వారాంతంలో కలిసిపోయి ఉంటుంది. నవంబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా వారం వారం జరుపుతూ టెస్ట్ చెయ్యండి. క్రిస్మస్ ఫలితాన్ని విడిగా ఒక పట్టికలో చూపండి. ఆ పట్టికే మీ ప్రాజెక్టులో ఆసక్తికరమైన భాగం అవుతుంది.

ప్రశ్న: రాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా కెపాసిటీ క్యారియర్లను (రద్దీ కోసం అదనంగా పెట్టినవి) నిద్రపుచ్చి కరెంటు ఆదా చెయ్యాలి. 15 నిమిషాల డేటా, వేల సెల్స్. ఆర్‌లో (గణాంకాల సాఫ్ట్‌వేర్) ఈటీఎస్ నడిపితే సీజన్ తీసుకోవట్లేదు, అరిమా (ఇంకో అంచనా పద్ధతి) రోజంతా తిరుగుతోంది. ఏం చెయ్యాలి?
– ఎనర్జీ ఆప్టిమైజేషన్ టీమ్, హైదరాబాద్

జవాబు: సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు. 15 నిమిషాల డేటాలో రోజుకి 96, వారానికి 672 అంకెలు. ఆర్‌లోని ఫోర్‌కాస్ట్ ప్యాకేజీలో ఈటీఎస్ 24కి మించిన సీజన్‌ని ఒప్పుకోదు, హెచ్చరిక ఇచ్చి సీజన్ వదిలేస్తుంది. అరిమా అంత పెద్ద సీజన్‌ని మొయ్యలేదు. ఒక్క సెల్‌కి అయితే 96, 672 రెండు సీజన్లూ విడదీసే ఎమ్‌ఎస్‌టీఎల్ చాలు. వేల సెల్స్‌కి మాత్రం అన్నిటికీ కలిపి ఒకే లైట్‌జీబీఎమ్ (చాలా నిర్ణయ చెట్లు కలిపి కట్టే పద్ధతి) మోడల్ మేలు. 2020 ఎమ్‌5 పోటీలో వేల సిరీస్‌ల అమ్మకాల అంచనాలో పైకి వచ్చినవి ఎక్కువగా ఈ తరహావే. ఒక సెల్ దగ్గర నేర్చింది ఇంకో సెల్‌కి పనికొస్తుంది, నిన్న ఆన్ అయిన సైట్‌కి కూడా.

రెండు చోట్ల జారిపడతారు. మొదటిది లాగ్‌లు, అంటే మోడల్‌కి ఇచ్చే వెనకటి విలువలు. మీరు రాత్రి 10కి మోడల్ నడుపుతారు, కౌంటర్లు (నెట్‌వర్క్ నమోదు చేసే లెక్కలు) అరగంట ఆలస్యంగా వస్తాయి అనుకుందాం. ఉదయం 5:45 గడికి (15 నిమిషాల ముక్క) మీ చేతిలో ఉన్న చివరి అంకె 9:30ది, అంటే 33 అడుగుల వెనకది. ట్రైనింగ్‌లో "ఒక అడుగు వెనక" లాగ్ పెట్టారంటే టెస్ట్‌లో అద్భుతంగా వస్తుంది. లైవ్‌లో ఆ అంకే ఉండదు. 96, 672 అడుగుల లాగ్‌లు, రాత్రి 9:30 దాకా ఆ రోజు వచ్చిన మొత్తం, వారంలో ఏ రోజు, మర్నాడు సెలవా, ఇవి పెట్టండి.

రెండోది, చెట్ల మోడల్ తాను చూసిన గరిష్ఠాన్ని దాటి చెప్పలేదు. ట్రాఫిక్ పెరుగుతున్న నెట్‌వర్క్‌లో అది ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉంటుంది. ప్రతి సెల్ విలువనూ దాని గత 4 వారాల సగటుతో భాగించి నేర్పండి, అంచనా వచ్చాక తిరిగి గుణించండి.

అన్నిటికీ మించి మీకు కావాల్సింది సగటు అంచనా కాదు. ఎక్కువ చెప్పి క్యారియర్‌ని మేలుకొలిపి ఉంచితే కొన్ని యూనిట్ల కరెంటు వృథా. తక్కువ చెప్పి నిద్రపుచ్చితే యూట్యూబ్ చక్రం తిరుగుతూ ఉంటుంది, ఫిర్యాదు వస్తుంది. రెండోది మొదటిదానికి 9 రెట్లు చేటు అనుకుంటే మీరు అడగాల్సింది 0.9 క్వాంటైల్, అంటే పదిలో తొమ్మిదిసార్లు నిజం దాని కిందే ఉండే విలువ. పిన్‌బాల్ లాస్‌లో (క్వాంటైల్ అంచనా తప్పుకి వేసే జరిమానా) దీని అర్థం సూటిగా కనిపిస్తుంది: 10 యూనిట్లు తక్కువ చెబితే జరిమానా 9, 10 ఎక్కువ చెబితే జరిమానా 1. లైట్‌జీబీఎమ్‌లో ఆబ్జెక్టివ్‌ని క్వాంటైల్ చేసి ఆల్ఫా 0.9 పెడితే చాలు. తర్వాత నిజంగా పదిలో తొమ్మిది గడుల్లో ట్రాఫిక్ అంచనా కిందే ఉందా అని చూడండి. పదిలో ఏడే అయితే మోడల్‌కి అతి నమ్మకం.

నిద్రపోయిన క్యారియర్ భారం మేలుకొని ఉన్న దాని మీద పడుతుంది కదా, అక్కడ పీఆర్‌బీలను నేరుగా కూడొద్దు. 2300 టీడీడీలో కాలం అప్‌లింక్‌కీ డౌన్‌లింక్‌కీ పంచుకుంటారు, 850 ఎఫ్‌డీడీలో అలా కాదు, రెండిటికీ వేర్వేరు ఫ్రీక్వెన్సీలు. బ్యాండ్‌విడ్త్, యాంటెన్నాలు కూడా వేరు. జీబీలుగా కూడి, మిగిలే క్యారియర్ సామర్థ్యంతో భాగించండి.

ప్రశ్న: మా మోడల్ ఎర్రర్ సగటున 160 శాతం వస్తోంది. గ్రాఫ్‌లో చూస్తే గీతలు బాగానే కలుస్తున్నాయి. ఇదెలా?
– డేటా అనలిస్ట్, విశాఖపట్నం

జవాబు: మేప్ వాడుతున్నారు, అంటే ఒక్కో తప్పుని నిజం విలువలో శాతంగా తీసి సగటు కట్టే కొలత. తెల్లవారుజాము 3కి నిజం 0.2 జీబీ, మీరు 0.8 అన్నారు: ఎర్రర్ 300 శాతం. రాత్రి 9కి నిజం 12, మీరు 9 అన్నారు: 25 శాతం. సగటు 162.5. కొంప ముంచేది రెండోది, లెక్కలో మొత్తుకుంటున్నది మొదటిది. మొత్తం తప్పుని మొత్తం ట్రాఫిక్‌తో భాగించండి: 3.6 బై 12.2, సుమారు 29.5 శాతం. సెల్స్‌ని ఒకదానితో ఒకటి పోల్చాలంటే, సీజనల్ నేయివ్ తప్పుతో భాగించే మేజ్ వాడండి. 1 దాటితే మీ మోడల్ ఇంటికి.

ప్రశ్న: సంక్రాంతికి, నిమజ్జనానికి, మేడారానికి అంచనాలు ప్రతిసారీ తప్పుతున్నాయి. వార్షిక సీజన్ పెట్టినా ఫలితం లేదు.
– నెట్‌వర్క్ ఆపరేషన్స్, కరీంనగర్

జవాబు: మూడూ మూడు రకాలు. అన్నిటికీ ఒకే మందు లేదు.

సంక్రాంతి తేదీ పెద్దగా కదలదు, వారం కదులుతుంది. 2024లో భోగి ఆదివారం, జనవరి 14. 2025లో సోమవారం, 13. హైదరాబాద్ ఖాళీ అయ్యే సాయంత్రం ముందు వారాంతాన్ని బట్టి మారుతుంది. కాబట్టి "భోగికి ఎన్ని రోజుల ముందు" అన్నది ఒక ఫీచర్ (మోడల్‌కి ఇచ్చే సమాచారం), వారంలో ఏ రోజన్నది ఇంకొకటి. ప్లస్, మైనస్ గుర్తు సెల్‌ని బట్టి తిరగబడుతుంది: మాదాపూర్‌లో పడిపోతుంది, కోనసీమలో పగిలిపోతుంది. మామూలు వారంతో నిష్పత్తి కట్టి, సెల్స్‌ని ఆఫీసు ప్రాంతం, ఇళ్లు, హైవే, పల్లె అని గుంపులు చేసి, గుంపుకో గుణకం ఇవ్వండి. ఒక్కో సెల్‌కి విడిగా నేర్పడానికి రెండు సంక్రాంతులు చాలవు.

నిమజ్జనం తిథిని బట్టి వస్తుంది: 2023లో సెప్టెంబరు 28, 2024లో 17, 2025లో 6. వార్షిక ఫూరియర్ వక్రం (ఏటా అవే తేదీల్లో ఎక్కిదిగే అల) ఈ మూడిటినీ నున్నగా సాగదీసి, సెప్టెంబరంతా కొంచెం ఎత్తు చేసి చేతులు దులుపుకుంటుంది. పంచాంగం చూసి తేదీలను హాలిడే పట్టికలో మీరే ఎక్కించాలి. ప్రాఫెట్ నిజంగా సుఖపెట్టేది ఈ పనిలోనే. ముందు రోజు, తర్వాతి రోజు విండో కూడా ఇవ్వండి, హుస్సేన్‌సాగర్ చుట్టూ మర్నాటి దాకా సాగుతుంది.

మేడారానికి అల్గారిథమ్ అడగొద్దు. జాతర రెండేళ్లకోసారి, నాలుగు రోజులు. 2022లో ఫిబ్రవరి 16 నుంచి, 2024లో 21 నుంచి, 2026లో జనవరి 28 నుంచి. పైగా 2022 జాతర నాటికి దేశంలో ఫైవ్‌జీ లేదు, ఆ ఏడాది అక్టోబరులో వచ్చింది. చేతిలో ఉన్న ఒకటి రెండు ఉదాహరణలూ వేర్వేరు నెట్‌వర్క్‌లవి. కిందటి జాతరలో ఒక్కో యూజర్ వాడిన జీబీలను ఇప్పటికి పెరిగిన మేరకు పెంచి, జనం అంచనాతో గుణించండి. అప్పట్లో సెల్స్ నిండిపోయి ఉంటాయి కాబట్టి ఆ జీబీలు కూడా తక్కువ లెక్కే. చక్రాల మీద టవర్లు ఎన్ని కావాలో ఎక్సెల్‌లో తేలుతుంది. ఆ నాలుగు రోజులను తర్వాత ట్రైనింగ్ డేటాలోంచి తీసెయ్యడం మరచిపోకండి, లేకపోతే మేడారం ఉన్న తాడ్వాయి సెల్స్‌కి వచ్చే ఏడాది కూడా జాతర వచ్చినట్టు అంచనాలు వస్తాయి.

ప్రశ్న: క్రోనోస్, టైమ్స్‌ఎఫ్‌ఎమ్ లాంటి, ముందే నేర్పి ఇచ్చే రెడీమేడ్ అంచనా మోడల్స్ వచ్చాక ఇవన్నీ అవసరమా?
– బెంగళూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: వాడి చూడండి, ట్రైనింగ్ లేకుండా నడుస్తాయి కాబట్టి ఒక పూట పని. కానీ సైట్ నిన్న డౌన్ అయ్యిందనీ, పక్కన కొత్త క్యారియర్ వచ్చిందనీ వాటికి ఎవరూ చెప్పలేదు. ఆ తేదీల లాగ్‌బుక్ మీ దగ్గర ఉంటే ఏ మోడలైనా బాగుపడుతుంది.

ప్రశ్న: మా గంటవారీ డేటాలో బిజీ అవర్ ఎప్పుడూ ఫీల్డ్ వాళ్లు చెప్పేదానికంటే తక్కువ లోడ్ చూపిస్తోంది. అర్ధరాత్రి సున్నాలు కూడా చాలా వస్తున్నాయి.
– తిరుపతి

జవాబు: సున్నాలు ముందు. సెల్ అందుబాటు కౌంటర్‌ని పక్కన పెట్టి చూడండి. సెల్ పనిచేస్తూ ట్రాఫిక్ సున్నా అయితే అది నిజం సున్నా. సెల్ డౌన్ అయినా, ఫైల్ రాకపోయినా అది ఖాళీ, సున్నా కాదు. ఖాళీని సున్నాగా నింపితే మోడల్ ఆ సెల్‌ని రాత్రిళ్లు నిద్రపోయేదిగా నేర్చుకుంటుంది.

బిజీ అవర్‌కి సర్వర్ గడియారం చూడండి. అది యూటీసీలో ఉంటే మనకి అయిదున్నర గంటల తేడా. ఆ అరగంట వల్ల మీ గంటలు 8:30 నుంచి 9:30, 9:30 నుంచి 10:30 అని కోసుకుపోతున్నాయి. 9 నుంచి 10 మధ్య ఉన్న శిఖరం రెండు ముక్కలై రెండు గంటల్లోకీ పంచుకుంటుంది. గంటవారీ ఫైళ్లు వదిలేసి 15 నిమిషాల ఫైళ్లు తెప్పించుకుని, భారత సమయానికి మార్చాకే నాలుగేసి కూడండి.